మా నాయిన ముక్కు గిట్లుండదు

బొమ్మలు గీసే చెయ్యి ఉన్నవాళ్లకు ఊళ్లో మొదటి పని ఓటరు కార్డుతో వస్తుంది. చిట్యాల లాంటి చోట ఫలానా ఇంటి పిల్లో పిల్లగాడో బొమ్మలు మంచిగా వేస్తారని తెలిస్తే చాలు, పక్క వాడ నుంచి ఒక పెద్దమనిషి వచ్చి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీస్తాడు. అందులో పాత ఓటరు గుర్తింపు కార్డు, మడతల దగ్గర చిరిగిన రేషన్ కార్డు జిరాక్సు, ఒక్కోసారి బ్యాంకు పాసు పుస్తకం ఉంటాయి. వాటి మీద బొటనవేలి గోరంత ముఖం. "మా నాయినది గిదొక్కటే ఫోటో ఉన్నది బిడ్డా, జర పెద్దగ గియ్యరాదు" అంటాడు. పోయిన నాయిన దినాలకు ఇంట్లో పటం పెట్టాలి. ఫోటో స్టూడియోకు పోతే ఆ గోరంత ముఖాన్నే సాగదీసి, నీలం రంగు వెనుక పెట్టి, ఎవరిదో కోటు తొడిగి ఇస్తారు. జన్మలో కోటు వేసుకోని మనిషికి కోటెందుకని కొడుక్కి అనిపించింది, అందుకే ఇక్కడికి వచ్చాడు.

ఆ కార్డు మీది ముఖం ఎట్లా ఉంటుందో గీసేవాళ్లకు బాగా తెలుసు. టి.ఎన్. శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉన్నప్పుడు, 1993లో, ఫోటో గుర్తింపు కార్డులు మొదలయ్యాయి. జనాన్ని వరుసలో నిలబెట్టి, ఒకరి వెనుక ఒకరిని కూర్చోబెట్టి తీసిన ఫోటోలవి. ఫ్లాష్ పడి నుదురు తెల్లగా పాలిపోతుంది, చెంపల్లో గుంతలు మాయమవుతాయి, కళ్లు బెదిరినట్టుంటాయి. ఎవరూ నవ్వరు, నవ్వమని ఎవరూ అడగలేదు కూడా. అయినా కూలికి పోయి బతికిన ఒక తరానికి, అందులోనూ ఆడవాళ్లకు, జీవితంలో దిగిన మొదటి ఫోటో అదే కావడం అరుదు కాదు. 2010లో ఆధార్ మొదలయ్యాక ఇంకో ముఖం తోడైంది. అదీ అదే తీరు.

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, చౌటుప్పల్ దాటి నార్కట్‌పల్లి రాకముందు వస్తుంది చిట్యాల. బీబీనగర్–నడికుడి రైలు మార్గంలో స్టేషన్ ఉంది. 2018లో మున్సిపాలిటీ అయింది. సంక్రాంతికి ఆంధ్రకు పోయే కార్లన్నీ దీని మీదుగానే పోతాయి, ఆగేవి తక్కువ. రోడ్డు దిగితే వట్టిమర్తి, ఉరుమడ్ల, పెద్దకాపర్తి, వెలిమినేడు, గుండ్రాంపల్లి. ఎర్ర చెలకలు, తాటిచెట్లు, బోర్లు, గొర్ల మందలు. ఇట్లాంటి ఊళ్లలో పెన్సిల్ పట్టేవాళ్లు ఎవరంటే, డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి సర్కారు బడిలో టీచర్ కొలువు కోసం చూస్తున్నవాళ్లు. ఒకప్పుడు సైన్‌బోర్డులు రాసి, ఫ్లెక్సీలు వచ్చాక చేతిలో పని తగ్గినవాళ్లు. డిగ్రీ చదువుతూ ఇంటి పని అయ్యాక రాత్రిపూట గీసుకునే ఆడపిల్లలు. వాళ్లు గీసేది స్నేహితులకు, చుట్టాలకు, వాడకట్టువాళ్లకు. పైసలు అడగరు, అడిగినా కాగితానికీ ఫ్రేముకూ అయినంతే. ఆ బొమ్మలు ఏ గ్యాలరీకీ ఎక్కవు, ఏ కళా చరిత్రలోనూ వాటి ఊసు రాదు. అయినా పల్లె మనిషి ముఖాన్ని అంతసేపు, అంత ఓపికగా చూసే పని ఈ కాలంలో ఇంకెవరు చేస్తున్నారో చెప్పడం కష్టం.

పని ఎట్లా సాగుతుందో దగ్గరి నుంచి చూడాలి. కార్డును ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేస్తే ముఖం చుక్కలు చుక్కలుగా చెదిరిపోతుంది. అందుకని దాని మీద గళ్లు గీస్తారు, అన్నే గళ్లు కాగితం మీద పెద్దవిగా గీసి, ఒక్కో గడిలో ఉన్నది ఆ గడిలోకి తెస్తారు. సినిమా బ్యానర్లు చేత్తో వేసిన రోజుల్లో పెయింటర్లు వాడిన పద్ధతే ఇది. కాకపోతే గళ్ల వల్ల కొలతలు వస్తాయి గాని మనిషి రాడు. కన్ను ఏ గడిలో ఉందో తెలుస్తుంది, ఆ కన్ను ఎట్లా చూసేదో తెలియదు. అప్పుడు గీసే పిల్ల ఆ ఇంటికే పోయి కూర్చుంటుంది. "మీ నాయిన తమ్ముడున్నడు గదా, మీ చిన్నాయిన, ఆయన్ని ఒకసారి పిలుస్తరా?" అంటుంది. దవడ చిన్నాయిన దగ్గర దొరుకుతుంది. చెవి తమ్మె పెద్ద కొడుకు దగ్గర, ముక్కు చిన్న బిడ్డ దగ్గర. పోయిన మనిషి ముఖం ఇల్లంతా చెల్లాచెదురుగా ఉంటుంది, దాన్ని ఏరుకుని ఒకచోట పెట్టాలి. రుమాలు ఎట్లా చుట్టేవాడో భార్య చెబుతుంది. బీడీ ఏ చెవి మీద పెట్టుకునేవాడో మనుమడు చెబుతాడు. ఆ మాటల్లో సగం బొమ్మలోకి రావు, అయినా వినక తప్పదు.

ఇక బొమ్మ పూర్తయి మంచం మీద పరిచిన రోజు అసలు పరీక్ష. ఇల్లంతా చుట్టూ చేరుతుంది. చదువు రానివాళ్లు, ఎన్నడూ చిత్ర ప్రదర్శన మెట్లు ఎక్కనివాళ్లు ఒక్క చూపులో తప్పు పట్టేస్తారు. "అంత మంచిగున్నది గని, మా నాయిన ముక్కు గిట్లుండదు." తేడా ఎంత? ఒక గీత మందం. ముక్కు కొస ఒక్క గీత కిందికి దిగాలి, అంతే. ముఖాలను మనిషి ఎట్లా గుర్తుపడతాడనే దాని మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు 1970ల నుంచి చేసిన పరిశోధనలు ఒక సంగతి తేల్చాయి. కొత్తవాళ్లను మనం జుట్టును బట్టి, తల ఆకారాన్ని బట్టి గుర్తుపెట్టుకుంటాం. అయినవాళ్లను కళ్లు, ముక్కు, నోరు ఉన్న ఆ నడిమి భాగంతోనే పోల్చుకుంటాం. అందుకే అంబేడ్కర్ బొమ్మ గీయడం నేర్చుకునే పిల్లలకు తొందరగా వస్తుంది: కళ్లద్దాలు, కోటు, వెనక్కి దువ్విన జుట్టు పడితే చూసేవాళ్లు ఆయనే అంటారు. భగత్ సింగ్‌కు టోపీ, మీసం ఉన్నాయి. సినిమా హీరోలకు హెయిర్ స్టైల్ ఉంది. మోత్కూరు మండలం పొడిచేడు బిడ్డ కాసోజు శ్రీకాంతాచారి తెలంగాణ కోసం 2009 డిసెంబర్ 3న ప్రాణం విడిచాక ఆయన ముఖం కూడా ఈ జిల్లా గోడల మీదికి, బ్యానర్ల మీదికి ఎక్కింది, చూసి చూసి అందరికీ తెలిసిపోయింది. ఈ ముఖాలతో చెయ్యి తిరిగిన పిల్లలు, సొంత అమ్మను గీయబోయేసరికి ఆగిపోతారు. అమ్మకు గుర్తుపట్టించే కోటు లేదు, టోపీ లేదు. ఉన్నదల్లా ఆ నడిమి భాగమే, దాంట్లో గీత తప్పితే తెలియనివాళ్లు ఇంట్లో ఎవరూ లేరు.

క్యారికేచర్ గీసేవాళ్లకు ఈ రహస్యం ఇంకో వైపు నుంచి తెలుసు. సాక్షి పత్రికలో పనిచేసిన పామర్తి శంకర్ గీసిన నెల్సన్ మండేలా క్యారికేచర్‌కు 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ గ్రాండ్ ప్రి వచ్చింది. క్యారికేచర్‌లో కొలతలన్నీ మారిపోతాయి, మనిషి మాత్రం మారడు. ఒక మనిషిని తక్కినవాళ్ల నుంచి వేరుచేసేది ఏదో పట్టుకుని దాన్ని పెంచుతారు. ఇంటివాళ్ల బొమ్మ గీసేవాళ్లు కూడా అదే వెతుకుతారు, దొరికాక పెంచకుండా ఉన్నదున్నట్టు ఉంచుతారు. రెండోది సులభమని ఎవరైనా అనుకుంటే ఒకసారి పెన్సిల్ పట్టి చూడాలి.

పెన్సిల్‌కూ ఫోటోకూ ఉన్న చుట్టరికం హైదరాబాద్ రాజ్యంలో పాతదే. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో నగరంలో ఆడవాళ్ల కోసం వేరుగా జనానా స్టూడియో తెరిచాడు. పరదా పాటించేవాళ్ల ఫోటోలను అక్కడ ఒక ఇంగ్లీషు స్త్రీ తీసేది. గాజు పలకల కాలంలోనూ, ఆ తర్వాత ఫిల్ముల కాలంలోనూ, ఫోటో స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో రీటచింగ్ చేసేవాళ్లు. మొటిమ పోవాలన్నా, కంటి కింద నలుపు తగ్గాలన్నా అద్దం వెనుక నుంచి వెలుతురు పెట్టి, భూతద్దం కింద చుక్కలు చుక్కలుగా పెన్సిల్ ఆడించాలి. మన తాతల పెండ్లి ఫోటోల్లో ముఖాలు అంత నున్నగా ఉండటానికి కారణం వయసొక్కటే కాదు, ఒక రీటచర్ చెయ్యి కూడా. నవాబుల ఇండ్ల ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా స్టూడియో వెలసిన ఆ రాజ్యంలోనే, నల్లగొండ పల్లెల్లో వరి నాటు వేసే ఆడమనిషికి తన ముఖం కాగితం మీద చూసుకోవడానికి ఓటరు కార్డు దాకా ఆగాల్సి వచ్చింది.

పోయినవాళ్లను గీసేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. ఏ వయసులో గీయాలి?

ఇంటివాళ్లు సాధారణంగా వయసు తగ్గించమంటారు. "ముడతలు తీసెయ్యి, పండ్లు పెట్టు" అంటారు. ఊరి పేరు ఇంటిపేరైన చిట్యాల ఐలమ్మను ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. ఆమెది పాలకుర్తి, ఈ చిట్యాలతో సంబంధం లేదు, కాని బొమ్మల సంగతిలో ఆమె కథ చాలా చెబుతుంది. విసునూరు దేశ్‌ముఖ్ మీద తన పొలం కోసం ఆమె నిలబడింది 1940లలో. మనకు ఎక్కువగా కనిపించే ఫోటోలు మాత్రం ముసలితనంలోవి. 1985 సెప్టెంబర్ 10న ఆమె చనిపోయింది. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. బడుల్లో ఐలమ్మ జయంతికి పిల్లలు గీసే బొమ్మల్లో కొందరు ఆ ముసలి ముఖాన్నే గీస్తారు, కొందరు చేతిలో కొడవలో రోకలో పెట్టి నడి వయసు మనిషిని ఊహించి గీస్తారు. ఊహించినదాంట్లో ఆవేశం ఉంటుంది. ఫోటో చూసి గీసినదాంట్లో, తలమీద కొంగు, లోపలికి పోయిన చెంపలు, ఎండకు మాడిన నుదురు, ఆమె గడిపిన బతుకంతా ఉంటుంది. రెంటిలో ఒకటి ఎంచుకోవాలంటే ఫోటో చూసి గీసినదాన్నే ఎంచుకోవాలి.

ముసలి ముఖాన్నే అట్లా ఎంచుకున్నవాడొకడు ఐదు వందల ఏళ్ల కింద ఉన్నాడు. జర్మనీలోని న్యూరెంబర్గ్ పట్నంలో ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1514 మార్చిలో తన తల్లిని బొగ్గుతో గీశాడు. ఆమెకు 63 ఏళ్లు. 18 మంది పిల్లల్ని కన్నది. మెడ మీద నరాలు, పొడుచుకొచ్చిన చెంప ఎముకలు, ఒకటి ఒక దిక్కు ఒకటి ఇంకో దిక్కు చూస్తున్నట్టున్న కళ్లు, దేన్నీ దాచలేదు. యూరపంతా పేరున్న చిత్రకారుడు, తల్లిని అందంగా చూపడం చేతకాక కాదు. బొమ్మ మీద ఇది తన తల్లి అని, ఆమె వయసు ఇంత అని రాసుకున్నాడు. మే నెలలో ఆమె పోయింది, ఆ సంగతి తర్వాత సిరాతో అదే కాగితం మీద చేర్చాడు. ఇప్పుడది బెర్లిన్ మ్యూజియంలో ఉంది. ఈ బొమ్మను ఫోనులో చూపిస్తే ముడతలు తీసేయమన్న కొడుకులు కొందరైనా కాసేపు మాట్లాడరు. ఆ తర్వాత, "మా అమ్మకు గూడ మెడ గిట్లనే ఉండె" అంటారు. గీసేవాళ్లకు అంతకన్నా కావాల్సిన అనుమతి లేదు.

తెలంగాణ మనిషి ముఖాన్ని ఉన్నదున్నట్టు చూపొచ్చని ఈ ప్రాంతపు పిల్లలకు నేర్పినవాళ్లు కొందరున్నారు. వాళ్లలో దగ్గరివాడు ఏలే లక్ష్మణ్. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని కదిరేనిగూడెం ఆయన ఊరు, ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. తన ఊరి మనుషులను నలుపు తెలుపుల్లో, ఒంటి మీది ప్రతి గీతతో సహా గీసి పేరు తెచ్చుకున్నాడు. 2014లో తెలంగాణ రాష్ట్ర అధికార చిహ్నాన్ని రూపొందించిందీ ఆయనే. రాజముద్ర గీసిన చెయ్యీ, ఊరి ముసలమ్మ ముఖం గీసిన చెయ్యీ ఒకటే కావడం చిట్యాలలో పెన్సిల్ పట్టుకున్న పిల్లకు చిన్న ధైర్యం కాదు.

మనుషుల సంగతి ఇట్లా ఉంటే, జంతువులది వేరే లోకం. వాటికి ఓటరు కార్డు లేదు.

పెంచుకున్న కుక్క పోతే ఫ్లెక్సీ కట్టి, దినాలు చేసి, అన్నం పెట్టిన కుటుంబాల వార్తలు తెలుగు పేపర్లలో వస్తూనే ఉన్నాయి. చదివి నవ్వేవాళ్లుంటారు. కాని కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరులో దొరికిన రాయిని చూస్తే నవ్వు రాదు. క్రీ.శ. 949 ప్రాంతం నాటిది. తక్కోలం యుద్ధంలో చూపిన పరాక్రమానికి గంగ రాజు బూతుగుడు మణలేర అనే వీరుణ్ని ఏం కావాలో కోరుకోమంటే, అతడు కాళి అనే వేట కుక్కను అడిగి తీసుకున్నాడు. ఆ కుక్క ఒక అడవి పందితో కొట్లాడి, పందిని చంపి తానూ చచ్చింది. దానికోసం శిల నిలిపి, పైన కుక్కా పందీ తలపడుతున్న బొమ్మ చెక్కించారు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. రాజులు, యుద్ధాల కోసం ఆ శాసనం చదివే చరిత్రకారులకు కుక్క పేరు అదనంగా దొరికింది. చెక్కించినవాడికి మాత్రం ముఖ్యం అదే అయి ఉంటుంది.

పెంపుడు జంతువు బొమ్మ కానుకగా ఇవ్వడం కూడా కొత్త కాదు. 1836లో, రాణి కాకముందు, విక్టోరియాకు ఆమె తల్లి పుట్టినరోజు కానుకగా ఇచ్చింది ఆమె కుక్క డాష్ బొమ్మనే. జంతువులు గీయడంలో దిట్ట అయిన ఎడ్విన్ లాండ్‌సీర్ చేత వేయించింది. రాజభవనంలోనైనా చిట్యాలలోనైనా కానుక అందుకున్నవాళ్లు ముందు చూసేది కళ్లనే.

కుక్కను కూర్చోబెట్టి గీయడం జరిగే పని కాదు. డేవిడ్ హాక్నీ 1990ల నడుమ తన రెండు పెంపుడు కుక్కలు స్టాన్లీ, బూజీల బొమ్మలు వరసగా వేశాడు. ఇంట్లో అవి పడుకునే చోట్ల కాగితాలు, రంగులు ముందే సిద్ధంగా పెట్టుకునేవాడు. తలుపు చప్పుడైతే చాలు, లేచిపోతాయి. అంత పెద్ద చిత్రకారుడికే ఆ తిప్పలు ఉంటే మనవాళ్లకు ఫోన్ ఫోటోనే గతి. అందులోనూ చిక్కుంది. నిలబడి, కిందికి వంచి, దగ్గరి నుంచి తీసిన ఫోటోలో కుక్క ముక్కు తలంత అవుతుంది, కాళ్లు మాయమవుతాయి. అనుభవం ఉన్నవాళ్లు ముందే చెప్పేస్తారు: నేల మీద కూర్చో, కుక్క కళ్లకు సమానంగా ఫోను పెట్టు, నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి జూమ్ చెయ్యి, ఫ్లాష్ వద్దు, కిటికీ వెలుతురు చాలు. మనుషులకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. సెల్ఫీ చూసి గీస్తే ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా ముక్కు పెద్దదే వస్తుంది.

గీసేటప్పుడు కన్నుతో మొదలుపెడతారు. నల్లటి కంట్లో తళుక్కుమనే చుక్క గీసేది కాదు, వదిలేసేది. చుట్టూ నలుపు నింపి అక్కడ కాగితం తెల్లగా ఉంచుతారు. తడి ముక్కు మీది మెరుపూ అంతే. వెంట్రుకలు పెరిగే దిక్కు తెలియాలి. ముక్కు దూలం మీద పొట్టిగా వెనక్కి పోతాయి, కళ్ల మధ్య పైకి లేస్తాయి, చెంపల మీద పక్కకు, గొంతు కింద సుడి తిరుగుతాయి. ఆ దిక్కు తప్పితే కుక్క బొచ్చు దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది. నల్ల మూతి మీద తెల్ల మీసాలు ఎట్లా? దానికో కిటుకు ఉంది. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ముందుగా మీసాలను కాగితం మీద గట్టిగా నొక్కి గీస్తారు. ఏమీ కనపడదు. ఆపైన పెన్సిల్‌ను పక్కకు వంచి నలుపు రుద్దితే, నొక్కిన గాట్లలోకి సీసం దిగక, తెల్లటి మీసాలు ఒక్కొక్కటే తేలుతాయి. నెరిసిన గడ్డానికీ ఇదే కిటుకు పనికొస్తుంది. పక్కన కూర్చుని చూసే చిన్న పిల్లలకు బొమ్మంతటిలోనూ నచ్చేది ఆ క్షణమే.

ఎద్దును గీయడం ఇంకా బాధ్యత. రైతు కొమ్ములు చూస్తాడు, మూపురం చూస్తాడు, గంగడోలు చూస్తాడు, చివరికి సుడి ఎక్కడుందో చూస్తాడు. సుళ్లు చూసే ఎద్దును కొనే చోట నుదుటి మీది సుడి ఒక పక్కకు జరిగితే అది వేరే ఎద్దే. ట్రాక్టర్లు వచ్చాక అమ్మేసిన జతల ఫోటోలు చాలామంది దగ్గర లేవు. అమ్మిన ఎద్దును తమకు గుర్తున్నట్టు గీయమని అడిగే ముసలి రైతులుంటారు. "వలపటిది కొంచెం పొట్టి, దాపటిది కొమ్ము వంకర" అని చెబుతూ పోతారు. ఎన్నేండ్ల కిందటి పశువు కొమ్ము వంపును గాల్లో వేలితో గీసి చూపించే మనిషికి ఫోటో లేకపోవడం పెద్ద లోటు కాదు, పక్కన పెన్సిల్ పట్టిన మనిషి ఉంటే చాలు.

పల్లె పశువును కళ అనిపించేలా చూసిన తెలంగాణ చిత్రకారుడు ఉండనే ఉన్నాడు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్ గీతల్లో మేక ఎన్నిసార్లు వచ్చిందో! సన్నటి గీతల్లో పల్లె ఆడవాళ్లు, మగవాళ్లు, చెట్లు, వాటి మధ్య మనుషులతో సమానంగా మేకలు. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ మేకలు ఎవరి పెంపుడు మేకలూ కావు, కాని మేకను దగ్గరి నుంచి చూసి పెరిగినవాడు తప్ప ఇంకెవరూ వాటిని అట్లా గీయలేరు.

ఈ పనికంతటికీ కావాల్సిన సరంజామా స్కూలు బ్యాగులో దొరికేదే. 1795లో ఫ్రాన్స్ యుద్ధాల్లో ఉండి, ఇంగ్లండ్ నుంచి మంచి గ్రాఫైట్ రాక ఆగిపోతే, నికొలా జాక్ కాంటే అనే ఆయన గ్రాఫైట్ పొడిలో బంకమట్టి కలిపి, బట్టీలో కాల్చి పెన్సిల్ సీసం చేశాడు. మట్టి ఎక్కువైతే గట్టిది, గ్రాఫైట్ ఎక్కువైతే మెత్తనిది, నల్లనిది. హెచ్, హెచ్‌బీ, 2బీ, 6బీ అనే వరసలన్నీ ఆ పాళ్ల లెక్కే. నటరాజ్, అప్సర పెన్సిళ్లు చేసే హిందుస్థాన్ పెన్సిల్స్ 1958 నుంచి ఉంది. మన దేశపు పెన్సిళ్లకు కర్ర కాశ్మీర్‌లోని పుల్వామా వైపు పాప్లర్ చెట్ల నుంచి వస్తుంది. నల్లగొండ ఎండకు మాడిన ముఖం గీసే పెన్సిల్ మంచు కొండల చెట్టు. హెచ్‌బీతో లేతగా ముఖం కట్టి, 2బీతో నీడలు దించి, 6బీని కనుపాపకూ మెడ కింది చీకటికీ దాచుకోవాలి. చెమట చెయ్యి కాగితానికి తగిలితే నలుపు పామేస్తుంది కనుక అరచేయి కింద ఇంకో కాగితం వేసుకుంటారు. మే నెలలో ఫ్యాను వేస్తే కాగితం ఎగురుతుంది, వేయకపోతే చెమట చుక్క పడుతుంది. చిట్యాలలో తెల్లవారుజామున గీయడమే మేలు.

ఇప్పుడు ఫోనులో మీట నొక్కితే ఏ ఫోటో అయినా పెన్సిల్ బొమ్మ అవుతుంది. చూడటానికి బాగానే ఉంటుంది. మరి రాత్రుల తరబడి కూర్చుని గీయడం దేనికని అడిగేవాళ్లకు జవాబు ఉంది. ఆ యాప్ ఫోటోలో ఉన్నదాన్నే మారుస్తుంది; ఓటరు కార్డులో లేని చెంప గుంతను అది చిన్నాయిన ముఖంలో వెతకదు. ఫ్లాష్‌కు బెదిరిన కళ్లను బెదిరినట్టే చూపిస్తుంది, ఆయన ఎన్నడూ బెదిరే మనిషి కాదని దానికి ఎవరు చెప్పాలి? అన్నిటినీ మించి, అది ఎవరి ఇంటికీ పోయి కూర్చోదు. కొత్త యంత్రాలు లేని కన్నును కూడా కల్పించి పెట్టగలవు, అందంగానూ ఉంటుంది. ఆ కన్ను ఎవరిదో ఇంట్లోవాళ్లు చెప్పలేరు, అక్కడే తేలిపోతుంది.

అన్నిటికన్నా మంచి బొమ్మలు మాత్రం కార్డుల నుంచీ ఫోన్ల నుంచీ రావు, ఎదురుగా కూర్చున్న మనిషి నుంచి వస్తాయి. నాయనమ్మను అరుగు మీద కూర్చోబెట్టి గీయడం మొదలుపెడితే మొదట ఆమె కొంగు సర్దుకుంటుంది, బిగుసుకుపోతుంది, కార్డు ఫోటోలో లాగే చూస్తుంది. కాసేపటికి విసుగు పుట్టి, బిగువు సడలి మాటల్లో పడుతుంది. "గింతసేపు నన్నెవ్వలు సూసిండ్రు కొడుకా" అంటుంది ఒకామె. ఇంకొకామె పుట్టింటి సంగతులు ఎత్తుకుంటుంది, కరువు సంగతి చెబుతుంది, ఏ పండ్లు ఎప్పుడు ఊడినయో చెబుతుంది. మనుమడు వింటూ గీస్తాడు. నోరు కదులుతూనే ఉంటుంది కాబట్టి నోటిని చివరికి ఉంచుకుంటాడు. అట్లా వచ్చిన బొమ్మలో ముక్కు గురించి ఎవరూ పేచీ పెట్టరు, పక్కన ఆమే ఉంది, సరిచూసుకోవచ్చు. ఆమె మాత్రం చూసి, "నేను గింత ముసల్దాన్నయిన్నా?" అని నవ్వుతుంది, మళ్లీ తీసి చూస్తుంది.

ఫ్రేము కట్టించేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. అద్దం నేరుగా బొమ్మకు తగలకూడదు, తగిలితే సీసం అద్దానికి అంటుకుంటుంది. మధ్యలో మౌంట్ బోర్డు పెట్టమని చెప్పాలి. గ్రాఫైట్ ఎండకు వెలవదు గాని కాగితం పచ్చబడుతుంది, అందుకే డ్రాయింగ్ షీటు మంచిది చూసుకోవాలి, వానాకాలం చెమ్మ దిగే గోడకు తగిలించకూడదు. ఇక వెనుక వైపు. డ్యూరర్ ముందు వైపే రాసుకున్నాడు, మనవాళ్లు వెనుక రాస్తున్నారు: మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, గీసిన సంవత్సరం, ఎవరు చెబితే గీశారో వాళ్ల పేరు. ఎద్దు బొమ్మ వెనుక ఎవరి ఎద్దో, ఏ చెలక దున్నిందో రాస్తారు. కుక్క బొమ్మ వెనుక దాన్ని ఏమని పిలిస్తే వచ్చేదో రాస్తారు.